తగల్లేదని రాసిన కాగితం

కుట్టుగది నుంచి,
బుడంకాయకి పన్నెండో రోజు.

మా మరదలు పిల్లకి,

మీ అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు పడుకునే ఉంటావట, లేకపోతే పిల్ల పడుకుందంటావట. తల్లీకూతుళ్లు నిద్రలో పందెం కట్టుకున్నారా ఏమిటి? సరే, బాలింతని లేపకండి, నేనే ఉత్తరం రాస్తానన్నాను.

ఈ పార్సిల్‌లో రెండు ఫీడింగ్ టాపులు, మెడకి తగిలించుకునే కవర్ ఒకటి, లోపల పెట్టుకునే పాల ప్యాడ్లు ఎనిమిది ఉన్నాయి. టాప్ పైకి మామూలుగానే కనిపిస్తుంది. ఛాతీ దగ్గర మడత ఎత్తి చూడు, రెండు పక్కలా నిలువుగా జిప్పులు ఉంటాయి. కవర్‌కి మెడ దగ్గర గట్టి పట్టీ కుట్టాను. అది కాస్త ఎత్తుగా నిలబడుతుంది కాబట్టి నీకు పిల్ల మొహం కనిపిస్తుంది, ఎదుటివాళ్లకి ఏమీ కనిపించదు. పదకొండేళ్లుగా ఇంకొకరు గీసిన గీతల మీద కత్తెర నడిపాను. ఈసారి గీత కూడా నాదే. నీ మేనల్లుడు చంటివాడుగా ఉన్నప్పుడు బస్సులో తువ్వాలు కప్పుకుని పాలిస్తుంటే, వాడు కాలితో ఒక్క తన్ను తన్ని తువ్వాలు కింద పడేసిన రోజు నుంచీ ఇది నా బుర్రలో ఉంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కొత్త రకం ఏదైనా ముందు ఒక బాలింత పదిహేను రోజులు తొడుక్కుని, ఉతుక్కుని, ఎలా ఉందో తన చేత్తో రాసివ్వాలి. తొడిగిన టాప్ ఒకటి తిప్పి పంపాలి. అప్పుడుగాని మా మేడమ్ కోత మొదలుపెట్టనివ్వదు. ఫోన్లో చెప్పిన మాట చెల్లదు. ఒప్పుకున్న ఇద్దరిలో ఒకామె ఊరు మారిపోయింది, రెండో ఆమెని భర్త వద్దన్నాడట. ఇక నువ్వే దిక్కు.

వదిన మొహం చూసి మాత్రం బాగుందని రాయకు. నువ్వు అబద్ధం రాస్తే దెబ్బ తగిలేది ఊరూ పేరూ తెలియని తల్లులకి. ముఖ్యంగా జిప్పు కింది చివర చిన్న లోహపు బిళ్ళ ఉంది. అది పిల్ల బుగ్గకి తగులుతోందేమో చూడు. తగిలితే దాని మీద బట్ట చుట్టి కుడతాను. నీ నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తయ్య ఊరికే అనలేదు, అందుకే నిన్ను నమ్ముకున్నాను.

అన్నట్టు, మా ఎదురింటావిడ మూడో వారానికే పిల్లాడికి డబ్బా పాలు పట్టేసింది. ఈ కాలం వాళ్లకి బొత్తిగా ఓపిక లేదు. మన ఇంట్లో ఆ బెంగ లేదులే.

నీ వదిన

*

ముందు గది, కిటికీ పక్కన,
ముప్పై మూడో రోజు.

వదినా,

నీ కవర్ నా ప్రాణం నిలబెట్టింది. ఇది నీ మొహం చూసి రాస్తున్న మాట కాదు.

మొన్న పిల్లని చూపించడానికి ఆస్పత్రికి వెళ్లాం. వరండా బెంచీల మీద ఇరవై మంది దాకా ఉన్నారు. బుడంకాయ రాగం ఎత్తుకుంది. కవర్ తగిలించుకుని పిల్లని లోపలికి తీసుకుని తాగించేశాను. పక్కన పేపరు చదువుకుంటున్న పెద్దాయన తల తిప్పి, "పాప నిద్రపోయిందా అమ్మా?" అని అడిగాడు. "ఆఁ, పోయిందండీ" అన్నాను. అప్పటికి అది సగం తాగింది. మా అత్తగారు సరిగ్గా నా ఎదురుగానే కూర్చున్నారు. ఆవిడకి కూడా ఏమీ కనిపించలేదు. కావాలంటే ఒట్టేస్తాను.

టాప్ మెత్తగా ఉంది. మడత జారదు. వంగినప్పుడు జిప్పు ఉందని ఎవరూ పోల్చలేరు. నువ్వు అడిగిన బిళ్ళ పిల్ల బుగ్గకి తగల్లేదు. ప్యాడ్లు నాకు నాలుగు చాలు, మిగతా నాలుగూ టాప్‌తో పాటు తిప్పి పంపుతున్నాను. ఇంకెవరికైనా ఇవ్వు.

అత్తగారు మంచావిడే. నాకు పొద్దున్నే వేడినీళ్లు పెడతారు, నడుముకి నూనె రాస్తారు, పిల్ల గుడ్డలు నన్ను ఉతకనివ్వరు. రోజుకోసారి మాత్రం అంటారు, "మా ఇంట్లో ఆరుగురు పిల్లలు పెరిగారమ్మా, ఒక్కరికీ డబ్బా ముట్టించలేదు" అని. నేను నవ్వి ఊరుకుంటాను.

నీకు ఇంకా ఏదో రాద్దామనుకున్నాను, ఇంతలో అది లేచింది. అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మరదలు

*

ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి,
నలభై రెండో రోజు.

మరదలు పిల్లా,

పార్సిల్ అందింది. మేడమ్‌కి నీ ఉత్తరం చదివి వినిపిస్తే, పెద్దాయన అడిగిన మాట దగ్గర ఆవిడ కూడా నవ్వింది. మా మేడమ్ నవ్వడం నేను పదకొండేళ్లలో మూడుసార్లు చూశాను.

నీ టాప్ ఇవాళ నేనే ఇస్త్రీ చేశాను. కుట్లు ఎక్కడా వదల్లేదు, రంగు దిగలేదు. చాలా శుభ్రంగా వచ్చింది. బాగా ఉతుకుతున్నావు.

అక్కడ అంతా బానే ఉందా? పిల్ల బరువు పెరుగుతోందా? నీకు నొప్పులూ అవీ ఏమైనా ఉంటే నాకు చెప్పొచ్చు. ఆడపడుచుని అత్తారింటికి పంపాక వదినకి పని తగ్గుతుందనుకుంటారు గాని, తగ్గదు.

ఏమీ లేకపోతే, లోపల పెట్టిన కాగితం నింపి సంతకం పెట్టి పంపు. అందులో ఏడు ప్రశ్నలున్నాయి. ఐదోది బిళ్ళ గురించి. ఇంకోసారి చూసి రాయి. మేడమ్ రెండుసార్లు అడిగింది, కోత బల్ల ఖాళీగా ఉందట.

వదిన

*

కళ్లజోళ్ల షాపు, వెనక గది,
యాభై ఐదో రోజు.

వదినా,

కాగితం పెట్టాను. ఏడింటికీ బాగుందనే రాశాను. ఐదోదానికి "తగల్లేదు" అని రాసి కింద గీత కూడా గీశాను.

షాపులో మళ్లీ చేరాను. ఇవాళ ఒక పెద్దావిడకి అద్దాలు మార్చి మార్చి చూపిస్తూ, "ఇది బాగుందా, ముందుదా?" అని అడుగుతుంటే, "నీకేది బాగుందనిపిస్తే అదే రాసెయ్ తల్లీ" అంది. "కళ్లు మీవండీ, నాకెలా తెలుస్తుంది?" అన్నాను. ఎందుకో తర్వాత చాలాసేపు పని మీద మనసు నిలవలేదు. ఒకరి పవర్ ఇంకొకరి చీటీ మీద రాయబోయి ఆగాను.

నాకు నొప్పులేమీ లేవు. పిల్ల బరువు పెరుగుతోంది.

మరదలు

*

కుట్టుగది నుంచి,
మూడో నెల మొదట్లో.

మరదలు పిల్లా,

నాలుగు వందలు! నా టాప్ నాలుగు వందలు కుడుతున్నారు. కోత బల్ల మీద బట్ట అరవై పొరలు పరిచి, దాని మీద నా నమూనా పెట్టి సుద్దతో నేనే గీశాను. మిషన్ల వాళ్లందరూ, "ఏంటి డిజైనరమ్మా, ఇక మాతో మాట్లాడవా?" అని ఏడిపిస్తున్నారు. మీ అన్నయ్య అయితే కనిపించిన వాళ్లందరికీ చెప్పేస్తున్నాడు. మగవాళ్ల ముందు పాల టాప్ గురించి మాట్లాడకండీ అంటే వినడు.

మేడమ్ ప్రతి టాప్‌కీ ఒక చీటీ కట్టమంది. "దీన్ని ఒక తల్లి పదిహేను రోజులు తొడుక్కుని చూసింది. పాపాయికి ఎక్కడా తగలదని రాసిచ్చింది" అని ఉంటుంది. ఆ తల్లివి నువ్వే. నీకో చీటీ దాచి పెట్టాను.

వదిన

*

కుట్టుగది నుంచి,
నాలుగో నెల పదో రోజు.

మరదలికి,

పోయిన ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. పనిలో పడ్డావనుకున్నాను.

టాపుల మీద ఫిర్యాదులు వస్తున్నాయి. ఇప్పటికి పదమూడు. జిప్పు చివర బిళ్ళ పిల్లల బుగ్గకి ఒరుసుకుంటోందట. చాలామంది తిట్టారు, ఆ తిట్లు తినడానికి నాకేమీ అభ్యంతరం లేదు. ఒక ఉత్తరం మాత్రం తిట్లు లేకుండా వచ్చింది. నీకు ఎత్తి రాస్తున్నాను.

"మా పాపని పాలకి దగ్గర పెట్టుకోగానే మొహం తిప్పుకుని ఏడ్చేది. బుగ్గ మీద ఎర్రగా ఉంటే చెమటకాయలనుకున్నాను. మీ చీటీలో ఎక్కడా తగలదని ఉంది కాబట్టి టాప్ మీదకి నా ఆలోచన పోలేదు. తప్పు నా పాలదే అనుకున్నాను. పాపకి నేను నచ్చలేదనుకున్నాను. పన్నెండు రోజులు ఏడ్చి, మానేశాను. మొన్న డాక్టరమ్మ ఆ మచ్చ చూసి, లోహం ఒరుసుకుందని చెప్పింది. మిమ్మల్ని తిట్టడానికి రాయడం లేదు. ఆ టాప్ వేసుకోకుండా ఉంటే మా పాప తాగేదా అని అడుగుదామని రాస్తున్నాను. - పాప వాళ్ళమ్మ."

నీ పిల్లకి తగల్లేదని రెండుసార్లు రాశావు. నువ్వు పిల్లని ఎలా పట్టుకున్నావో చెప్పు. మిగతావాళ్లకీ అలాగే పట్టుకోమని చెబుతాం.

వదిన

*

కళ్లజోళ్ల షాపు, వెనక గది,
నాలుగో నెల పదహారో రోజు.

వదినా,

ఎలా పట్టుకున్నానో చెబుతాను. ఎడమ చేతి మీద పిల్ల తల, కుడి చేతిలో సీసా.

బుడంకాయ నా పాలు తాగింది పంతొమ్మిది రోజులు. తాగింది అనడం కూడా ఎక్కువే. నోటితో సరిగ్గా పట్టుకునేది కాదు. నాకు పుండ్లు పడ్డాయి, నెత్తురు వచ్చింది. అది గంట సేపు లాగి, చాలక, గుక్క పట్టి ఏడ్చేది. పుట్టినప్పటి కన్నా బరువు తగ్గింది. ఇరవయ్యో రోజున నర్సమ్మ, "నీ ఓపిక సంగతి తర్వాత, ముందు పిల్ల కడుపు నిండాలి" అని డబ్బా రాసిచ్చింది. ఆ సాయంత్రం అది కడుపు నిండా తాగి మొదటిసారి ఏడవకుండా పడుకుంది. దాన్ని చూసి నేను సంతోషించాలి కదా? గోడ వైపు తిరిగి ఏడ్చాను. నాతో కానిది సీసాతో అయింది.

నీ పార్సిల్ అంతకు వారం ముందే వచ్చింది. అందులో నువ్వు ఎదురింటావిడ గురించి రాసిన రెండు ముక్కలు ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. "మన ఇంట్లో ఆ బెంగ లేదులే" అన్నావు. ఒక పక్క నువ్వు, ఇంకో పక్క ఆరుగురు పిల్లల అత్తగారు. ఎవరికి చెప్పను? మా ఆయనకి తెలుసు. ఆయనే డబ్బా తెచ్చి బీరువాలో చీరల వెనక దాచేవారు, వేడినీళ్లు ఫ్లాస్కులో పోసి ఇచ్చేవారు. "అమ్మకి చెప్పేద్దామే, ఏమవుతుంది?" అని ఆయన ఎన్నోసార్లు అన్నారు. నేనే ఒట్టు వేయించుకున్నాను.

సీసాని మనుషుల కంట పడకుండా ఎలా పట్టాలా అని చూస్తుంటే నీ కవర్ కనిపించింది. ఎదుటివాళ్లకి ఏమీ కనిపించదని నువ్వే రాశావు. నిజంగానే కనిపించలేదు. నువ్వు పాలు దాచడానికి కుట్టినదాంట్లో నేను సీసా దాచాను. నీ టాప్ డబ్బా మొదలయ్యాకే పార్సిల్‌లోంచి తీసి రోజూ వేసుకున్నాను, ఉతికాను, ఆరేశాను. జిప్పు మాత్రం ఒక్కసారీ తీయలేదు. తీయని జిప్పు ఎవరి బుగ్గకి తగులుతుంది? "తగల్లేదు" అని రాసినప్పుడు, ఇది అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సంతకం పెట్టేటప్పుడు కూడా అదే అనుకున్నాను. ఎవరూ అడగకుండానే కింద గీత గీశాను చూడు, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు.

నిజం రాస్తే నీ టాప్ ఆగిపోతుంది, నీ పదకొండేళ్ల ఆశ నా వల్ల పోతుంది అని కూడా అనుకున్నాను. అది సాకు. నాకు సిగ్గేసింది, అంతే.

ఆ అమ్మ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. "పాపకి నేను నచ్చలేదనుకున్నాను" అంది చూడు, అదే మాట నేనూ అనుకున్నాను వదినా, పంతొమ్మిది రోజులు. దాని బరువు ఎంతో నాకు తెలుసు. తెలిసి తెలిసి తీసుకెళ్లి ఇంకో తల్లి నెత్తిన పెట్టాను.

మేడమ్‌కి నా పేరే చెప్పు. ఈ ఉత్తరం చూపించు. నన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు.

మరదలు

*

కుట్టుగది నుంచి,
నాలుగో నెల ఇరవై మూడో రోజు.

మరదలు పిల్లా,

నీ ఉత్తరం చదవగానే ఒళ్లు మండిపోయింది. కత్తెర బల్ల మీద విసిరేశాను. "పిల్ల కడుపు మాడుతుంటే నాకెందుకు చెప్పలేదే!" అని గట్టిగా అరిచాను కూడా. మిషన్లన్నీ ఆగిపోయాయి. కాసేపటికి కోపం దిగాక, నీ మీద అరిచే హక్కు నాకు లేదని గుర్తొచ్చింది.

నాకు ముందే తెలుసు.

పాలు పడిన బట్టని ఎంత ఉతికినా, వేడి ఇస్త్రీ పెట్టగానే మరక లేత పసుపుగా పైకి తేలుతుంది. మేం తిరిగొచ్చిన టాపుల్ని ఇస్త్రీ చేసేదే అందుకు, మరక ఎక్కడెక్కడ పడిందో చూసుకుని ప్యాడ్ ఎంత ఉండాలో కొలుస్తాం. నీ టాప్ మీద పెట్టె మూడుసార్లు తిప్పాను. ఒక్క మరకా తేలలేదు. పదిహేను రోజులు పాలిచ్చిన తల్లి బట్ట అలా ఉండదు. పాలిచ్చే తల్లికి ఎనిమిది ప్యాడ్లూ చాలవు, నువ్వు నాలుగు మడత కూడా విప్పకుండా పంపావు. ఆ పూటే నాకు అర్థమైంది, దీనికి పాలు లేవు, డబ్బా పడుతోంది అని.

నీకు ఫోన్ చేయాల్సింది. బస్సెక్కి రావాల్సింది. నేనేం చేశాను? "నొప్పులూ అవీ ఉంటే చెప్పు" అని ఒక ముక్క రాసి, దాని వెనకే కాగితం పెట్టి సంతకం అడిగాను. నువ్వు నిజం రాస్తావేమో అని భయపడుతూ అడిగాను. నువ్వు తగల్లేదని రాసి పంపావు, నేను హమ్మయ్య అనుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు నేను కళ్లు మూసుకుని నా నమూనా కోయించుకున్నాను. తెలియక రాసింది నువ్వు కాదు, తెలియక తీసుకున్నది నేనూ కాదు. దొందూ దొందే.

ఎదురింటావిడ గురించి నోరు జారాను. ఆవిడకి ఎందుకు డబ్బా పట్టాల్సి వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. నిన్న వెళ్లి వాళ్ల పిల్లాడిని ఎత్తుకున్నాను. పుష్టిగా ఉన్నాడు, నా ముక్కు పట్టుకుని లాగాడు. ఎందుకొచ్చానో మాత్రం ఆవిడకి చెప్పలేకపోయాను.

మేడమ్‌కి నీ పేరు చెప్పి ఊరుకోలేదు, ఇస్త్రీ సంగతి కూడా చెప్పాను. ఆవిడ నీ సంతకం ఉన్న కాగితం తీసి నా ముందు పెట్టింది. తర్వాత, "పద్ధతి పెట్టింది కాగితం కోసం కాదమ్మా" అంది. అమ్ముడుపోనివి వెనక్కి వచ్చాయి. కొన్నవాళ్లందరికీ వేసుకోవద్దని కబురు వెళ్లింది. డిజైన్ నా దగ్గర నుంచి తీసేసుకుంది. మళ్లీ ఇంకొకరు గీసిన గీతల మీద కత్తెర పట్టుకున్నాను. మిషన్ల వాళ్లు ఇప్పుడు ఏడిపించడం లేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

తిట్టినవాళ్లకి మేడమ్ జవాబులు రాసింది. పాప వాళ్ళమ్మకి మాత్రం నన్ను రాయమంది. మూడు కాగితాలు చింపాను. బిళ్ళ గురించి రాయగలను, కుట్టు గురించి రాయగలను. ఆవిడ అడిగింది అది కాదు కదా. ఆవిడకి జవాబు నువ్వే రాయి. దాన్ని ముందు నాకు పంపు. కింద నేనూ సంతకం పెట్టి పోస్టు చేస్తాను.

ఇంకొకటి. ఆదివారం బయలుదేరి వస్తున్నాను. మీ అత్తగారి ముందు ఆ సీసాతో బుడంకాయకి నేనే పాలు పడతాను. ఆవిడ ఏమైనా అంటే నన్ను అనమను.

వదిన

*

ముందు గది, కిటికీ పక్కన,
నాలుగో నెల ఇరవై ఎనిమిదో రోజు.

వదినా,

నువ్వు ఆదివారం వచ్చేదాకా ఆగలేదు, నిన్న పొద్దున నేనే అత్తగారికి చెప్పేశాను. ఆవిడ మంచం మీద కూలబడి, "ఆ ముసుగు కింద దాని ఊపిరి ఎలా ఆడింది తల్లీ!" అన్నారు. సాయంత్రం వంటింట్లో సీసా కడిగి బోర్లించి ఉంది. కడిగింది ఆయన కాదు, నేనూ కాదు. ఆవిడ నాతో మాత్రం ఇంకా మాట్లాడటం లేదు. నువ్వు రా.

ఉత్తరం కింద ఉంది. ఎక్కడైనా సరిగా లేకపోతే దిద్దు. నా తప్పు ఒప్పుకున్న చోట మాత్రం ఒక్క మాట కూడా తగ్గించకు.

*

పాప వాళ్ళమ్మగారికి,

మీ చీటీలో "ఒక తల్లి" అని ఉన్నది నేనే. నేను ఆ టాప్ తొడుక్కున్నాను గాని, దానితో మా పాపకి ఒక్కసారి కూడా పాలివ్వలేదు. నాకు పాలు సరిపోలేదు. ఇరవయ్యో రోజు నుంచి డబ్బా పాలే పట్టాను. ఆ సంగతి చెప్పుకోలేక, తగల్లేదని రాసి సంతకం పెట్టాను. జిప్పు తీయనేలేదు కాబట్టి తగల్లేదు.

ఆ టాప్ వేసుకోకుండా ఉంటే పాప తాగేదా అని అడిగారు. తాగేదేమో. నాకు ఖాయంగా తెలియదు, తెలిసినట్టు ఇంకోసారి రాయను. తెలిసింది ఒక్కటి చెబుతాను. పాప మొహం తిప్పుకుంది ఆ లోహపు ముక్క నుంచి, మీ నుంచి కాదు.

మీకు మనసుంటే, మెత్తటి పాత బట్ట ఏదైనా వేసుకుని ఇంకోసారి దగ్గరికి తీసుకుని చూడండి. మానేసిన పాలు ఓపిగ్గా ప్రయత్నిస్తే కొందరికి తిరిగి వస్తాయని మా నర్సమ్మ చెప్పింది. ఆవిడలాంటి వాళ్లెవరినైనా పక్కన పెట్టుకుని చూడండి. వస్తే సంతోషం. రాకపోతే సీసాతోనే పట్టండి, పదిమందిలో, ఏమీ కప్పుకోకుండా. మా పాప ఆ పాలతోనే పెరుగుతోంది. నిన్న నన్ను చూసి గట్టిగా నవ్వింది.

ఈ నాలుగు ముక్కలు నాకు ఇరవయ్యో రోజున ఎవరైనా చెప్పి ఉంటే, మీకు ఈ ఉత్తరం రాయాల్సి వచ్చేది కాదు.

ఆ కాగితం రాసిన తల్లి
ఆ కాగితం తీసుకున్న వదిన